కదిపితే పోయే జబ్బు

హలో... వినపడుతోందా? ఆఁ, అందరూ బాగున్నారు కదా. నా గొంతులో కాస్త కారం తగిలితే ఏమీ అనుకోకండి, అది మీ మీద కాదు. ఒక మనిషి గురించి చెబుదామని ఫోన్ చేశాననుకోండి. స్టవ్ మీద ఏదన్నా ఉంటే మంట తగ్గించి వచ్చి కూర్చోండి. మధ్యలో లేస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఒక కాలికి సాక్సు తొడుక్కుని, రెండోదాని కోసం మంచం కింద దూరి వెతుక్కుంటున్నాడు చిటపట. పొద్దున్నే సాక్సు కనబడకపోవడం అతనికి కొత్త కాదు, దాని మీద కోప్పడటమూ కొత్త కాదు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు. కాగే నూనెలో నీటిచుక్క పడ్డట్టు మాట్లాడతాడని ఎప్పుడో ఎవరో పెట్టిన పేరు ఒంటికి అతుక్కుపోయింది.

వంటింట్లో గ్లాసు పడింది. గాజు గ్లాసు. పడ్డ చప్పుడు, ఆ తర్వాత ముక్కలు ఒక్కోటీ ఒక్కో మూలకి పరిగెత్తిన చప్పుడు.

"చూసి పట్టుకోవచ్చుగా అక్కా!" అని మంచం కింద నుంచే అరిచాడు.

"చూసే పట్టుకున్నానురా. చెయ్యే వదిలేసింది."

ఒంటి సాక్సుతో వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. టీ నేలంతా పారుతోంది. వాళ్ళక్క గట్టుకి ఆనుకుని నిలబడి తన కుడిచేతిని చూసుకుంటోంది. పక్కింటివాళ్ళు చెప్పాపెట్టకుండా లోపలికొస్తే చూస్తామే, అలా చూస్తోంది దాన్ని.

"ఒక్క నిమిషం నాది కాదన్నట్టయిపోయిందిరా. వేళ్ళు ఉన్నాయి, నా మాట మాత్రం వినలేదు."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నొక్కు."

ఆమె నొక్కింది. బ్రతుకంతా కత్తెర పట్టిన చెయ్యి అది. చిటపట వేళ్ళు కలుక్కుమన్నాయి.

"అబ్బా! ఇప్పుడు బాగానే ఉందిగా!"

"ఇప్పుడు బాగానే ఉంది."

"డాక్టర్ కూడా అదే చెప్పాడుగా. అన్నీ చూసి, ఏం లేదమ్మా, కాస్త నీరసం అన్నాడుగా."

"ఆయన చూసినప్పుడు బాగానే ఉంది మరి. ఆయన చూస్తున్నప్పుడు అది రాదురా. ఎవరూ చూడనప్పుడే వస్తుంది."

"సరే, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం. ముందు ఆ గాజు ముక్కలు తొక్కకు," అని చీపురు తెచ్చి తనే ఊడ్చాడు. ఊడుస్తూ చీపురుని తిట్టాడు, గ్లాసుని తిట్టాడు, అది అమ్మిన కొట్టువాడిని తిట్టాడు. అక్క నవ్వింది.

"ఏడాది కూడా నిండకుండా నీ పెళ్ళాం పారిపోయిందంటే ఎందుకు పారిపోదు? నేను కాబట్టి కాపురం చేస్తున్నాను నీతో."

"నువ్వు నోరు మూసుకుంటే ఆవిడ ఉండేది."

"నేను నోరు తెరవకముందే పెట్టె సర్దుకుందిరా నాయనా!"

ఇద్దరిదీ ఒకే రక్తం, ఒకే చిరాకు. నాన్న పోయేసరికి చిటపటకి లెక్కలు సరిగ్గా రావు, అక్కకి కుట్టుమిషన్ సరిగ్గా రాదు. ఆమె మిషన్ నేర్చుకుంది. జతలు జతలుగా స్కూలు యూనిఫారాలు కుట్టి అతన్ని సాంకేతిక కోర్సులో చేర్చింది. తనకొచ్చిన సంబంధాలన్నిటికీ "చూద్దాంలే" అంటూ వచ్చింది. అలా అంటుండగానే జుట్టు నెరిసింది. ఇప్పటికీ చిటపట పనిబట్టలు ఆమే కుడుతుంది. జేబులు మామూలు కంటే లోతుగా, స్క్రూడ్రైవర్ పడిపోకుండా.

రెండో సాక్సు దొరకలేదు. రంగు కలవని ఇంకోటి తొడుక్కుని, భోజనం డబ్బా తీసుకుని బయటపడ్డాడు. బస్సు లేటయినందుకు డ్రైవర్ని ఏమీ అనలేదు. ఆ రోజు కోపమంతా ఒకేచోట ఖర్చుపెట్టాలని దాచుకున్నాడు.

అతను పనిచేసేది పైలట్లకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో. ఒక పెద్ద రేకుల షెడ్డు, అందులో ఆరు ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ తెల్లటి గది. గది లోపల అచ్చం విమానం ముందుభాగమే: రెండు సీట్లు, మీటలు, మీటర్లు, కిటికీ అవతల తెర మీద బొమ్మ రన్‌వే. పైలట్ స్టీరింగు ఎటు తిప్పితే గది అటు ఒరుగుతుంది. కింద పంపులు నూనెను తోస్తుంటే ఆ ఆరు కాళ్ళూ పొడుగవుతూ పొట్టివవుతూ లోపల కూర్చున్నవాడిని నిజంగా ఎగురుతున్నానని నమ్మిస్తాయి. బోర్డు మీద 'సిమ్యులేటర్' అని ఉంటుంది. అక్కడివాళ్ళు మాత్రం దాన్ని ముసలిది అంటారు. దాని వయసువి మిగతా చోట్ల పాత ఇనుము కింద వెళ్ళిపోయి చాలా కాలమైంది.

ముసలిదానికి ఈమధ్య ఒక జబ్బు పట్టుకుంది. ఎప్పుడో ఒకసారి, ఎవరూ తిప్పకుండానే, స్టీరింగు ఎడమకి ఒక్క గుంజు గుంజుతుంది. కన్ను మూసి తెరిచేలోపు మళ్ళీ మామూలే. రోజులు గడిచినా రాదు. వచ్చిందని ఎవరైనా చెబితే టెక్నీషియన్లు వెళ్ళి చూసేసరికి ఉండదు.

ఇలాంటి జబ్బులకి షెడ్డులో ఒక ఆనవాయితీ వైద్యం ఉంది. కంప్యూటర్ గదిలో బీరువాల్లాంటి అరల నిండా సర్క్యూట్ కార్డులుంటాయి. ఫిర్యాదు రాగానే ముసలిదాన్ని ఆపి, కాళ్ళు ముడిచి నేలకి దించి, ఆ కార్డులన్నీ ఒక్కోటీ పీకి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ గుచ్చుతారు. పనిలో పనిగా అందిన తీగనల్లా కదిపి బిగిస్తారు. తర్వాత స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూస్తారు. వెన్నలా తిరుగుతుంది. 'పరీక్షించాం, లోపం కనబడలేదు' అని రాసేసి టీకి పోతారు. ఏది కదిపితే పోయిందో ఎవరికీ తెలియదు. పోయిందో, దాక్కుందో అంతకన్నా తెలియదు. చిటపట కూడా ఏళ్ళ తరబడి ఈ వైద్యమే చేశాడు, టీ కూడా తాగాడు.

మొన్నటి దాకా. నిన్న మాత్రం ముసలిదాని మెట్ల మీద ఒక అమ్మాయి కనబడింది.

ట్రైనీ అమ్మాయి. అది ఆమెకి రెండో పరీక్ష, తప్పితే మూడోది లేదు. దిగే సమయానికి ముసలిది ఎడమకి గుంజింది, బొమ్మ విమానం బొమ్మ రన్‌వే దాటి బొమ్మ గడ్డిలోకి పోయింది. పరీక్ష పెట్టిన కెప్టెన్ ఆ వెంటనే తనే సీట్లో కూర్చుని తిప్పి చూశాడు. ఏమీ లేదు. "చేతకానప్పుడు మిషన్ మీదకి తోసెయ్యడం అలవాటు చేసుకోకు," అని దిగిపోయాడు.

ఆమె ఏడవడం లేదు. మెట్టు అంచుని బూటుతో తన్నుతోంది. చిటపటకి ఆ తన్నడం నచ్చింది.

"నేను తిప్పలేదంకుల్. అదే తిప్పింది."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. ఒక్కసారి జరిగితే ఎవరు నమ్ముతారు?"

"జరగడానికి ఒక్కసారి చాలమ్మా," అన్నాడు చిటపట. తిన్నగా వెళ్ళి కంప్యూటర్ గదికి తాళం వేసి, తాళంచెవి ఆ లోతు జేబులో పడేసుకున్నాడు. ఒక్క కార్డు పీకడానికి వీల్లేదు. జబ్బు ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

ఈ రోజు సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఆమె ఫలితం పైకి పోతుంది. పోయిందంటే ఇక అంతే. ఈలోపు ముసలిది అందరి ముందూ ఒక్కసారి గుంజాలి.

మేనేజర్ గదిలో ఏసీ చప్పుడు కన్నా చిటపట గొంతే ఎక్కువ వినబడింది.

"తాళం ఎందుకు వేశారు?" అన్నాడు మేనేజర్.

"మీవాళ్ళు కార్డులు పీక్కుండా."

"అది మన పద్ధతి కదండీ."

"పద్ధతా సార్ అది? రోగి మూలుగుతున్నాడంటే నోట్లో గుడ్డ కుక్కి, ఇదిగో మూలగట్లేదు అని రాసే పద్ధతి!"

మేనేజర్ చెడ్డవాడు కాదు. నిద్ర చాలని మనిషి. కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకున్నాడు. "చూడండి, కెప్టెన్‌గారు కూర్చుని తిప్పారు, బాగానే ఉంది. ఇప్పుడు బాగానే ఉన్నదాన్ని పట్టుకుని నేనేం చెయ్యను? మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం."

చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మళ్ళీ వచ్చేసరికి ఆ పిల్ల ఉండదు సార్ ఇక్కడ! ఒక మనిషి వచ్చి నాకు ఇలా అయిందీ అంటే, అయిందనే మొదలుపెట్టాలి. కాలేదని కాదు. మీరు చూడలేదు కాబట్టి జరగలేదా? మీ వెనకాల గోడ ఉంది, మీరు చూడట్లేదు, పడిపోయిందా?"

మేనేజర్ అనుకోకుండా వెనక్కి తిరిగి గోడని చూశాడు. తర్వాత నవ్వొచ్చింది పాపం. "సరే. ఈ రోజు మిషన్ ఖాళీయే. సాయంత్రం దాకా మీది. కెప్టెన్‌గారిని నేను పిలుస్తాను. కానీ దొరక్కపోతే నేను ఆపలేను."

షెడ్డులో నూనె బావ పంపుల దగ్గర గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ముసలిదాని కాళ్ళకీ వాటి నూనెకీ అతనే దిక్కు. ఒంటి మీద ఎక్కడ ముట్టుకున్నా జారుతుంది. చిటపటా అతనూ ఒకే ఏడాది చేరారు, బంధుత్వం లేకుండానే బావలయ్యారు.

"ఏం బావా, పొద్దున్నే మేనేజర్‌ని వేయించుకు తిన్నావట?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు, ఇక్కడికి వినబడింది. రెండు సాక్సులూ రెండు రంగులేంటి? విమానం రెక్కల దీపాల్లా ఎడమకి ఎర్రది, కుడికి ఆకుపచ్చా?"

"నోరుమూసుకుని పంపు వెయ్యి."

పని మొదలుపెట్టారు. మరమ్మతు వేళ ముసలిది కాళ్ళు ముడుచుకునే ఉండాలన్నది రూలు. ఒరిగే గది కింద మనిషి నలిగిపోకూడదని పెట్టిన మంచి రూలే. దానివల్ల జరిగిందేమిటంటే, ఇన్నాళ్ళూ ఈ జబ్బుని అందరూ నేల మీద కదలకుండా కూర్చున్న ముసలిదానిలోనే వెతికారు. పైకి లేచి ఒరుగుతున్నప్పుడు దాని ఒంట్లో ఏమవుతుందో ఎవరూ చూడలేదు. ఈ ముక్క నిన్న రాత్రి పక్క మీద దొర్లుతుంటే తట్టింది చిటపటకి. అక్కడికక్కడే తనని తాను తిట్టుకున్నాడు.

అందుకే రెండు పొడుగాటి తీగలు లాగాడు. ఒకటి స్టీరింగు కింద ఉన్న చిన్న డబ్బా నుంచి. ఎంత తిరిగిందో కంప్యూటర్‌కి కబురు పంపేది అదే. ఆ కబురు తప్పుగా అందితే కంప్యూటరే స్టీరింగుని గుంజుతుంది. రెండోది ఆ కబురు అందుకునే కార్డు దగ్గర్నుంచి. రెండిటినీ కంప్యూటర్ గదిలో ఒకే తెరకి కలిపాడు. ఇప్పుడు తెర మీద రెండు పచ్చ గీతలు. పైది పంపిన కబురు, కిందది అందిన కబురు. రెండూ ఒకేలా వంపు తిరిగితే దారి బాగున్నట్టు. పైగీత నిదానంగా ఉండగా కిందిగీత ఎగిరిందా, మధ్య దారిలో ఎక్కడో తీగ తెగినట్టు.

ట్రైనీ అమ్మాయిని పిలిపించి సీట్లో కూర్చోబెట్టాడు. పక్క సీట్లో కెప్టెన్. పొడుగ్గా, ఇస్త్రీ మడతలా ఉన్న మనిషి. లోపలి మాటలు స్పీకర్లో వినబడుతున్నాయి.

మధ్యాహ్నం దాకా ఎగిరారు. తిన్నగా, కుడికి, కాస్త ఎడమకి, దిగడం, లేవడం. గీతలు కవల పిల్లల్లా కలిసి నడిచాయి. నూనె బావ ఆవలించాడు. కెప్టెన్ గొంతు స్పీకర్లో గరగరలాడింది: "ఇంకెంతసేపండీ?"

చిటపట మైకు లాక్కున్నాడు. "అమ్మాయ్, నిన్న మొదట్నుంచీ ఏమేం చేశావో అదే చెయ్యి. ఒక్కటీ వదలకు."

"అన్నీ చేశానంకుల్. ఒక్కటి తప్ప... దిగే ముందు రన్‌వే ఖాళీ లేదన్నారు సార్. ఖాళీ అయ్యేదాకా ఎడమకి గుండ్రంగా తిరుగుతూ ఉండమన్నారు. చాలాసేపు తిప్పారు."

"ఎప్పుడూ కుడికేగా తిప్పేది?"

కెప్టెన్ అన్నాడు: "నిన్న ఎడమకి ఇచ్చాను. కొత్తగా ఉంటుందని."

"అయితే ఎడమకే తిప్పు తల్లీ," అన్నాడు చిటపట. "నేను చాలనేదాకా తిప్పు."

ముసలిది ఎడమకి ఒరిగి అలాగే ఉండిపోయింది, నిద్రలో పక్కకి వాలిన మనిషిలా. గదిలో వేడి పెరిగింది. చిటపట తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చున్నాడు. టీ తెచ్చిన మనిషిని చూపుతోనే బయటికి పంపేశాడు.

కిందిగీత వణికింది.

అంతే. దోమ వాలి లేచినంత. పైగీత మాత్రం కదలలేదు. చిటపట మైకు వైపు చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

అక్క. పనివేళల్లో ఆమె ఎప్పుడూ ఫోన్ చెయ్యదు.

"ఏంటక్కా?"

"ఒరేయ్... మళ్ళీ వచ్చిందిరా. ఈసారి చెయ్యే కాదు. మాట కూడా... నోరు తిరగలేదు కాసేపు."

తెర మీద కిందిగీత ఇంకోసారి వణికింది, ఇందాకటికన్నా పెద్దగా.

"ఇప్పుడెలా ఉంది?"

"ఇప్పుడు... ఇప్పుడు బాగానే ఉంది. మాట్లాడుతున్నాగా."

"మరింకేం? కాసేపు పడుకో. సాయంత్రం వచ్చేస్తాగా."

ఆమె ఎన్నడూ అడగని మాట అడిగింది. "నువ్వొస్తే బాగుండురా."

"అక్కా, ఇక్కడ దొరకబోతోంది! నెలల నుంచీ చంపుతున్నది ఇప్పుడు కళ్ళముందు ఆడుతోంది. నేను లేస్తే మళ్ళీ పోతుంది. ఇక్కడ ఒక పిల్ల బతుకు ఉంది దీని మీద."

"సరేలే," అంది అక్క. "దొరికాక రా."

ఫోన్ పెట్టేశాడు. పెట్టేసిన చేత్తోనే మైకు తీసుకుని, "ఆపొద్దు అమ్మాయ్, ఇంకాస్త!" అన్నాడు.

ఇంకాస్తకి గుంజింది. తెర మీద కిందిగీత తారాజువ్వలా లేచింది. స్పీకర్లో దబ్బున చప్పుడు, ఆ వెనకే కెప్టెన్ నోటి నుంచి ఇస్త్రీ చెయ్యని మాటొకటి వచ్చింది.

"నేను ముట్టుకోలేదు! నా చేతులు చూడండి సార్!" అంటోంది అమ్మాయి.

"చూశాను," అన్నాడు కెప్టెన్. "చూశానమ్మా. నా మోకాలికే తగిలింది."

చిటపట బల్ల మీద గుద్దిన గుద్దుకి మైకు ఎగిరి పడింది. షెడ్డులోకి పరిగెత్తాడు. ముసలిది నేలకి దిగి కాళ్ళు ముడుచుకునేదాకా దాని చుట్టూ ఉన్న కంచె బయట నిలబడి పళ్ళు నూరాడు. దిగీ దిగగానే దాని పొట్ట కిందకి దూరాడు, టార్చి పళ్ళమధ్య పెట్టుకుని. గది నుంచి నేలకి వచ్చే తీగల కట్ట అక్కడే ఉంది, మనిషి తొడంత లావు. గది కదిలినప్పుడల్లా అది కూడా కదలాలి, అందుకని కాస్త వదులుగా వేలాడాలి.

వేలాడటం లేదు. ఎడమ కాలి పక్కన నల్లటి ప్లాస్టిక్ పట్టీలతో, జడ అల్లినంత నీటుగా, ఇనుపకడ్డీకి బిగించి కట్టి ఉంది. గది ఎడమకి ఒరిగినప్పుడల్లా ఆ పట్టీ దగ్గర తీగలు సాగి సాగి, ఒక తీగ తొడుగులోపలే తెగింది. బయటికి చెక్కుచెదరలేదు. సాగితే విడిపోతుంది, దించితే కలుసుకుంటుంది.

"ఎవడ్రా ఇలా కట్టినవాడు? వాడి చేతులు విరగ!" అని లోపల్నుంచే కేకేశాడు.

నూనె బావ వంగి చూశాడు. పట్టీని వేలితో తడిమాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "నువ్వే బావా. పోయిన తనిఖీకి ముందు మేనేజర్ తీగలన్నీ నీటుగా కట్టమంటే, నేను కడతాలే నీ చేతులు నూనె అని నువ్వేగా దూరావు."

చిటపట టార్చి తీసి చేత్తో పట్టుకున్నాడు. పట్టీ కొసలు సమంగా కత్తిరించి ఉన్నాయి. అలా కత్తిరించేవాడు ఆ షెడ్డులో ఒక్కడే.

బయటికి వచ్చి ఆ మాట అందరికీ తనే చెప్పాడు, గట్టిగా, తిట్టుకుంటున్నట్టే. కెప్టెన్ ఆమె ఫలితం కాగితం తెప్పించాడు. తను రాసింది తనే కొట్టేసి, అమ్మాయికి మళ్ళీ పరీక్ష పెడతానని కింద సంతకం చేశాడు. మేనేజర్ చెయ్యి చాపితే చిటపట అందుకోలేదు, తన చేతికి గ్రీజుంది. అమ్మాయి మాత్రం ఆ గ్రీజు చేతినే రెండు చేతులతో పట్టుకుంది.

"దొరికింది బావా, ఇంక కాస్త నవ్వు," అన్నాడు నూనె బావ.

"అక్కకి చెప్పాలి," అన్నాడు చిటపట.

బస్సులో రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పడుకుందనుకున్నాడు. పడుకోమన్నది తనే కదా.

అక్క పడుకోలేదు. కుట్టుమిషన్ పక్కన నేల మీద, గోడకి ఆనుకుని కూర్చున్నట్టుగా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. తమ్ముణ్ణి చూసి ఏదో అనబోయింది. నోరు ఒక పక్కకి వెళ్ళిపోయింది, మాట రాలేదు. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరో మర్చిపోయిన సంచిలా పడి ఉంది.

"నొక్కు అక్కా," అన్నాడు ఆ చెయ్యి పట్టుకుని. "నొక్కు. గట్టిగా నొక్కవే!"

పక్కింటాయన కారు తీశాడు. ఆస్పత్రి దారిలో ప్రతి ఎర్రలైటునీ చిటపట తిట్టాడు. తర్వాత తిట్టడం మానేశాడు, ఆమె వింటోందో లేదో తెలియక.

చీకటి పడే వేళకి ఒక డాక్టరమ్మ బయటికొచ్చింది. చిన్న వయసు, అలసిపోయిన చెప్పులు. మెదడుకి రక్తం వెళ్ళే దారి మూసుకుపోయిందని చెప్పింది. చేయాల్సిందంతా చేశామని, ఆవిడ వెళ్ళిపోయారని చెప్పింది. చెప్పి, కాగితం మీద రాసుకోవడానికి అడిగింది.

"ఇంతకుముందు ఇలా ఎప్పుడైనా జరిగిందాండీ? చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం... కాసేపు ఉండి మళ్ళీ మామూలైపోవడం?"

చిటపట గోడకేసి చూశాడు.

"ఎందుకంటే, అలా వచ్చి పోయినప్పుడే తీసుకొస్తే చాలామందిని నిలబెట్టగలం. తగ్గిపోయిందిగా అని ఊరుకుంటారు ఇంట్లోవాళ్ళు."

ఆ మాటకి అతని కోపం లేచింది. అలవాటు చొప్పున లేచింది, ఎవరి మీద పడదామా అని కారిడార్ అంతా వెతికింది. నీరసమన్న డాక్టర్ని చూసింది. బస్సుని, ముసలిదాన్ని, ఆ ఎడమ మలుపుని చూసింది. తిరిగి తిరిగి వచ్చి అతని దగ్గరే కూర్చుంది.

"వచ్చింది," అన్నాడు. "పొద్దున వచ్చింది. మధ్యాహ్నం వచ్చింది. నాకు చెప్పింది."

డాక్టరమ్మ రాసుకుంది.

జేబులో ఫోన్ టింగుమంది. ట్రైనీ అమ్మాయి. 'నన్ను నమ్మినందుకు థాంక్స్ అంకుల్.' చిటపట ఆ ఫోన్‌ని గోడకేసి కొట్టబోయి, చెయ్యెత్తి, అలాగే నిలబడిపోయాడు. పక్కింటాయన వచ్చి మెల్లిగా ఆ చెయ్యి కిందికి దించాడు.

మర్నాడు ఆస్పత్రివాళ్ళు ఆమె గుర్తింపు కార్డు తెమ్మన్నారు. చిటపట ఇంటికొచ్చి అలమర వెతికాడు, పెట్టె వెతికాడు, కుట్టుమిషన్ సొరుగు లాగాడు. బొత్తాల డబ్బా కింద నాలుగు మడతలు పెట్టిన తెల్లగుడ్డ ముక్క ఉంది. విప్పాడు. గుడ్డ నిండా నీలం దారంతో కుట్టు వరసలు, ఒకదాని కింద ఒకటి. పైవి చిన్నపిల్లలు కుట్టినట్టు ఎగుడు దిగుడుగా, మధ్యలో ముడులు పడి, రెండు చోట్ల ఎండిన రక్తపు చుక్కలతో. కిందికి వచ్చేకొద్దీ కాస్త కాస్త తిన్నబడ్డాయి.

అక్క కుట్టు అతనికి తెలుసు. ఆమె కుట్లెప్పుడూ కుడికి వాలేవి. ఇవన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. ఎడమచేత్తో కుట్టినవి. ఒక రోజు పని కాదు, వారాల పని. చెయ్యి పోతుందని ఆమెకి తెలుసు. ఎవరూ నమ్మకపోతే రెండో చెయ్యి తయారుచేసుకుందామనుకుంది, అంతే.

ఇదీ చిటపట కథ. మీకో మాట. దీన్ని మీ దగ్గరే పెట్టుకోకండి. 'ఇప్పుడు బాగానే ఉందిగా' అనే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, ముందు వాళ్ళకి పంపండి. వాళ్ళు తిడితే నన్ను తిట్టమనండి, పడతాను. 'మళ్ళీ వచ్చిందిరా' అని మెల్లిగా చెప్పే మనిషి కూడా ఉంటారు, వాళ్ళకీ పంపండి. ఈసారి మెల్లిగా చెప్పొద్దని, అరవమని చెప్పండి.

ఆ గుడ్డని చిటపట ఉతకలేదు, ఇస్త్రీ చెయ్యలేదు. మిషన్ మీదే పరిచి ఉంచాడు. చివరి వరస సగం దాకా వచ్చి ఆగింది, దాదాపు తిన్నగా. అక్కడ సూది ఇంకా గుచ్చే ఉంది, చెవిలో నీలం దారంతో.